పులికాట్ సరస్సుగారికి ఒక అనంతపురం టూరిస్టు ఫిర్యాదు

సరస్సుగారూ,

మేం అనంతపురం వాళ్లం. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల వాన పడితే చాలనుకునే మనుషులం, కాబట్టి నీళ్ల దగ్గర మాకు ఆశ కొంచెం ఎక్కువే అని ముందే మనవి చేసుకుంటున్నా. కదిరి మీదుగా, తిరుపతి మీదుగా రాత్రంతా టెంపోలో ఒకరి మీద ఒకరు పడి నిద్రపోతూ, చిత్రాన్నం పొట్లాలూ ఉడకబెట్టిన చెనిక్కాయలూ ఒక పెద్ద స్పీకరూ వేసుకుని మీ దగ్గరికి వచ్చాం. తీరా చూస్తే మీలో అలల్లేవు.

ఒక్కటంటే ఒక్క అల లేదు. ఇదేంది స్వామీ అంటే, సముద్రం అవతల ఉంది, మధ్యలో శ్రీహరికోట దీవి అడ్డం ఉంది, అందుకే ఇటు నీళ్లు నిమ్మళంగా ఉంటాయి అన్నారు. దేశంలో చిలికా తర్వాత అంత పెద్ద ఉప్పునీటి సరస్సు మీరేనంట. పేరు అంతుంది గానీ లోతు చాలా చోట్ల నడుము దాటదు. తడ దగ్గర భీమునివారిపాలెంలో పడవెక్కి మా తోడల్లుడు చేతులు చాచి ఫొటోకు నిలబడితే, పడవాయన గెడ నీళ్లలో గుచ్చి, అది అడుగున బురదలో దిగబడ్డాక, "పడినా ఏం కాదు సార్, లేచి నిలబడితే సరి" అన్నాడు. ఇదేం భరోసా అండీ? మునిగిపోతామన్న టెన్షన్ కూడా లేకపోతే లైఫ్ జాకెట్ వేసుకుని దిగిన ఫొటోకు విలువేముంది?

ఇక మీ పక్షులు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు మీ మధ్యలోంచే వేశారు కదా, రెండు పక్కలా రాజహంసలు చేతికందుతాయనుకున్నాం. ఉన్నాయి, ఎక్కడో అంత దూరాన, ఎవరో గులాబీ రంగు చీర ఆరేసినట్టు. తల కిందులు చేసి ముక్కు బురదనీళ్లలో పెట్టి వడకట్టుకోవడమే పని, ఒక్కటీ మావైపు చూసిన పాపాన పోలేదు. ఆ రంగు కూడా పుట్టుకతో వచ్చింది కాదంట, పిల్లలు బూడిద రంగులో ఉంటాయంట, నాచూ సన్న పురుగులూ తినీ తినీ గులాబీ రంగుకు తిరుగుతాయంట. ఆ మాట విన్నాక మా వదినకు సగం మోజు పోయింది. పోనీ ఎగిరితేనన్నా వీడియో బాగొస్తుందని హారన్ కొట్టాం, స్పీకరు పెట్టాం, మా అబ్బోడు ఒక రాయి కూడా విసిరాడు (చిన్నపిల్లోడు లెండి, ఇంటర్ సెకండియర్). లేచాయి, ఇంకా దూరం పోయి దిగాయి. కచ్ వైపు నుంచి అంత దూరం ఎగిరొచ్చిన వాటికి సాటి టూరిస్టుల మీద ఆ మాత్రం అభిమానం ఉండొద్దా?

మా వైపు పక్షుల్లేక కాదు. చిలమత్తూరు దగ్గర వీరాపురంలో ఎర్రకాళ్ల కొంగలు ఊళ్లోకే వచ్చి చింతచెట్ల మీద గూళ్లు పెడతాయి, ఊరోళ్లు వాటిని పురిటికొచ్చిన ఆడబిడ్డల్లా చూసుకుంటారు. అక్కడ మేం హారన్ కొట్టి రాయి విసిరితే టెంపోను ఊరు దాటనిస్తారా? అందుకే కదా ఇంత దూరం వచ్చింది.

నేలపట్టు కూడా చూశాం. గూడబాతులు, కంపు. ఐదు నిమిషాల్లో వచ్చేశాం.

మీ ఒడ్డున ఉన్న పల్లెలోకి పోతే అక్కడ ఇంకో ఇబ్బంది, మనుషులు పని చేసుకుంటున్నారు. ఒకామె నీళ్లలో మోకాళ్ల మీద జరుగుతూ, తాటాకు బుట్ట తాడు పళ్లతో కరిచి పట్టుకుని, రెండు చేతులతో అడుగు తడుముతూ రొయ్యలు పడుతోంది. దొరికిన రొయ్యను చూడను కూడా చూడదు, చెయ్యి పైకొచ్చి బుట్టలో వదిలి మళ్లీ నీళ్లలోకి పోతుంది. మా వదిన గట్టుమీంచి "అక్కా, ఒక్కసారి ఇటు తిరిగి నవ్వు" అని పదిసార్లు అరిచింది. తిరగలేదు.

పడవాయన మాట్లాడాడు గానీ చెప్పిందంతా కష్టాలే. మీకు సముద్రంలోకి ఉన్న ముఖద్వారాలు ఇసుక మేట వేసి పూడిపోతున్నాయంట, పోటు నీళ్లు రావంట, నీళ్లతో పాటు రావాల్సిన రొయ్యపిల్లలూ చేపపిల్లలూ రావంట. కాళంగి, స్వర్ణముఖి, ఆరణి వరదకు కాస్త తెరుచుకుంటే సరి, లేదంటే ఎండాకాలానికి నీళ్లు మరీ ఉప్పెక్కి వలలో ఏమీ పడదంట. పూడిక తీయించమని అడుగుతూనే ఉన్నారంట. సెలవు మీద వచ్చినోళ్లకు చెప్పే మాటలా ఇవి? హంద్రీ-నీవా నీళ్ల ముచ్చట వినీ వినీ చెవులు చిల్లులు పడే కదా మేం ఊరు దాటింది! మా చిన్నబావ అయితే పోయినేడు మే నెలలో వచ్చాడు పాపం. మీ ఉత్తరం వైపు నెర్రెలిచ్చిన నేలా, ఉప్పు దుమ్మూ, దాంట్లో నడుస్తున్న బర్రెలూ చూసి, దీనికి శింగనమల చెరువు చాలదా అని తిట్టుకుంటూ ఇంటికొచ్చాడు.

దక్షిణాన తమిళనాడులో ఉన్న పళవేర్కాడుకు పోతే, అక్కడ డచ్చివాళ్ల సమాధుల గేటు దగ్గర రాతి అస్థిపంజరాలు రెండు నిలబడి స్వాగతం చెప్పాయి. వాళ్లు 1613లో గెల్డ్రియా కోట కట్టారు, ఇటు నేసిన బట్టలు ఓడలకెక్కించారు, లాభం చూసుకున్నారు, పోయారు. కోట ఇప్పుడు దిబ్బా కంపచెట్లూ. వచ్చినోళ్లు కావాల్సింది తీసుకుని ఏదో ఒకటి వదిలి పోవడం మీకు కొత్తేం కాదన్న మాట. మేం వదిలింది చిప్స్ ప్యాకెట్లూ వాటర్ బాటిళ్లే, ఆ తేడా గమనించగలరు.

డిసెంబరులో మళ్లీ వస్తాం, ఈసారి రెండు టెంపోలు. రాజహంసలను కాస్త రోడ్డు వైపు జరిపించండి. అదే రోజు రాకెట్ ఒకటి ఎగిరేలా ఇస్రో వాళ్లతో మాట్లాడండి, మీ పక్కింటి వాళ్లే కదా. రొయ్యలు మాత్రం బాగున్నాయి. కాకపోతే కిలో మీద యాభై తగ్గించమంటే ఆ బుట్టామె ససేమిరా అంది, ఇది కూడా ఫిర్యాదులో రాసుకోండి.