ఉన్న ఒక్క ఫోనూ పోతే

ఫోన్ పోతే పోయింది, పాతదే. అసలు గోల ఆ తర్వాతే. మా తమ్ముడి లాప్‌టాప్‌లో మెయిల్ పాస్‌వర్డ్ కొట్టాను. కరెక్టే. అయినా సరే, "మీ ఫోన్ తెరిచి, నేనే అని నొక్కండి" అంటుంది. ఫోనే ఉంటే నీ కాళ్లావేళ్లా ఎందుకు పడతాను తల్లీ? వేరే పద్ధతి అడిగితే, ఆ నంబర్‌కే ఓటీపీ పంపుతానంటుంది. పోనీ లాగిన్ కోడ్‌లు చూపించే అథెంటికేటర్ యాప్‌లో చూద్దామంటే, అదీ దొంగ జేబులోనే ఉంది.

ఫోన్ బ్లాక్ చేయించడానికి సీఈఐఆర్ అనే ప్రభుత్వ పోర్టల్ ఉంది, మంచి ఏర్పాటే. దానికి పోలీసు ఫిర్యాదు కాపీ, ఐఎంఈఐ నంబర్, అంటే ఆ ఫోన్‌కి మాత్రమే ఉండే 15 అంకెల గుర్తింపు సంఖ్య, కావాలి. ఐఎంఈఐ తెలియాలంటే *#06# కొట్టమని ప్రతివాడూ సలహా ఇచ్చేవాడే. కొట్టాల్సింది ఆ ఫోన్‌లోనే కదా మహానుభావా! అటక మీద ఆ ఫోన్ వచ్చిన పాత డబ్బా దొరికి, దాని మీద ఆ నంబర్ ఉండబట్టి బతికిపోయాను.

డూప్లికేట్ సిమ్ తెచ్చుకుంటే 24 గంటలు ఎస్ఎంఎస్‌లు బంద్. సిమ్ మార్చి ఖాతాలు ఊడ్చేసే మోసగాళ్ల కోసం పెట్టిన నిబంధన, కాదనను. కానీ ఎస్ఎంఎస్ వెళ్లందే యూపీఐ రిజిస్టర్ అవదు. బ్యాంకులో డబ్బుండి కూడా టీ నీళ్లకి తమ్ముడి ముందు చెయ్యి చాపాలి, వాడు నవ్వుతుంటే చూడాలి.

బ్యాంకు కస్టమర్ కేర్‌కి చేస్తే ఆ అమ్మాయి ఎంతో మర్యాదగా, "రిజిస్టర్డ్ నంబర్ నుంచి చేయండి సార్" అంది. ఫోన్ పోయిందమ్మా అన్నాను. "అయితే మా యాప్‌లో రిక్వెస్ట్ పెట్టండి సార్."