తమరు దిగిపోవచ్చండి, హార్డ్ డిస్కు గారూ

భీమవరం దగ్గర ఒక రొయ్యల మేత కొట్టు నుంచి

మహారాజశ్రీ హార్డ్ డిస్కు గారికి,

నమస్కారాలండి. మా గోదావరి జిల్లాల్లో ఎవర్ని సాగనంపాలన్నా "ఆయ్, దయచేయండి" అంటాం గానీ "పో" అనం. అందుకే ఈ ఉత్తరం. లేకపోతే మా పాత ల్యాప్‌టాప్‌లోంచి తమర్ని బయటికి తీయడానికి ఒక స్టార్ స్క్రూడ్రైవరు చాలు.

ముందు తమరి వంశ గౌరవం చెప్పుకోవాలి. 1956లో ఐబీఎం వాళ్ళు దించిన మొదటి హార్డ్ డిస్కులో 24 అంగుళాల పళ్ళేలు 50 ఉండేవి. బీరువాల్ని మించిన ఆ యంత్రంలో పట్టింది సుమారు 50 లక్షల అక్షరాలు. మా గుమస్తా కుర్రాడు చెరువు గట్టు మీద దిగే సెల్ఫీ ఒక్కటి పెడితే నిండిపోయేదేమో. అంత పెద్దింటి బిడ్డ తమరు. కాదన్నవాడు లేడు.

తమరు నిమిషానికి 5400 చుట్లు తిరుగుతారని మీ ఒంటి మీదే రాసుంది. వినడానికి ఘనంగానే ఉంది. లెక్క కడితే సెకనుకు 90. కావలసిన ముక్క, పళ్ళెం మీది రాత చదివే హెడ్డు కిందికి రావాలంటే సగటున అర చుట్టు ఆగాలి, అంటే ఐదున్నర మిల్లీసెకన్లు. అంతకు ముందు హెడ్డు ఆ వరుస దగ్గరికి జరగడానికి ఇంకో పది పన్నెండు. నరసాపురం రేవులో మనం దిగేసరికి గోదావరి దాటించే పంటు కదిలిపోతే, అది సఖినేటిపల్లి వెళ్ళి తిరిగొచ్చేదాకా బండి మీద కూర్చోవడమే కదండీ, తమరి దగ్గరా అదే వరస. ఒక్క ఫైలుకైతే ఎవరికీ తెలియదు. విండోస్ లేవాలంటే చిన్నా చితకా ఫైళ్ళు వేలల్లో చదవాలి. ఒక్కోదానికీ ఒక్కో పంటు.

అందుకే నేను స్విచ్ నొక్కి, చెరువు మీదకెళ్ళి, చెక్ ట్రేలు ఎత్తి మేత ఎంత మిగిలిందో చూసుకుని తిరిగొచ్చినా, తెర మీద ఆ చుక్కలు గిరగిరా తిరుగుతూనే ఉండేవి. టాస్క్ మేనేజర్ తెరిస్తే ప్రాసెసర్ ఖాళీ, ర్యామ్ సగం ఖాళీ, డిస్కు మాత్రం 100 శాతం. ఇంట్లో అందరూ ఊరికే కూర్చుంటే తమరొక్కరే ఊపిరాడనంత బిజీ! చెరువులో రొయ్యలు పట్టే పట్టుబడి రోజున టెన్షన్ చెప్పక్కర్లేదు. గేటు దగ్గర వ్యాన్‌లో ఐస్ కరుగుతుంటే, రైతు పాత బాకీ ఎంతో తీయమంటే, ఎక్సెల్ తెరుచుకునేలోగా ఆయన జేబులోంచి చిట్టా తీసి "ఇదిగోనండి, నా లెక్క ప్రకారం ఇంతే" అనేసేవాడు. ఆ లెక్క ఎప్పుడూ ఆయనకే అనుకూలంగా ఉండేది.

ఇంత చేసినా నింద తమరి మీద పడలేదు. అదీ మీ గొప్పతనం. రిపేరు షాపు అబ్బాయి మూత కూడా తీయకుండా "దీని పనైపోయిందండి, మదర్‌బోర్డే పాతది, ఈఎంఐలో కొత్తది ఇప్పించేస్తాను" అన్నాడు. నేరం తమరిది, శిక్ష ల్యాప్‌టాప్‌ మొత్తానికి. ఇలా ఎన్ని నిక్షేపంలాంటి ల్యాప్‌టాప్‌లు అటకెక్కాయో!

ఇక మీ కుర్చీలోకి వస్తున్న ఎస్‌ఎస్‌డీ గారి సంగతి. జపాన్‌లో, తోషిబాలో, ఫుజియో మసుఓకా గారి బృందం 1987లో లోకానికి చూపించిన నాండ్ ఫ్లాష్, అంటే కరెంటు పోయినా రాసింది మరిచిపోని చిప్పు, ఈయన కులదైవం. తిరిగే పళ్ళెం లేదు, జరిగే హెడ్డు లేదు. అడిగిన ముక్క మిల్లీసెకనులో పదో వంతులో చేతిలో పెడతాడు. పెద్ద సినిమా ఫైలు చదవడంలో వేగం మీకంటే ఐదు రెట్లే ఎక్కువ, డిస్కుని ల్యాప్‌టాప్‌కి కలిపే పాత సాటా దారి అంతకు మించి పోనివ్వదు. చిన్న ఫైళ్ళ దగ్గరే మీ పరువు పోయేది.

మార్పిడి నాడు వెనక మూత ఊడదీస్తే లోపల మేత పొడి, ఎండిపోయిన చీమలు, ఫ్యాన్ రెక్కలకి బూజు. తమరి మందం 9.5 మిల్లీమీటర్లు, ఆయనది 7. కదలకుండా వేసే ప్లాస్టిక్ చట్రం పెట్టెలో ఇవ్వలేదు, చౌక బేరం కదా. శుభలేఖ అట్ట కత్తిరించి కుక్కాం. మా నాన్నగారు ఆ ఎస్‌ఎస్‌డీని అరచేతిలో తూచి చూసి, "ఒరేయ్, లోపల సరుకుందా, ఉత్త డొల్లేనా?" అన్నారు. ఆయన అనుమానం మరీ తీసిపారేసేది కాదు. చౌక రకాలు చాలావాటిని విప్పితే లోపల బోర్డు ఆ డొల్లలో మూడో వంతు ఉండదు. తమరి సరుకంతా ఉన్నదున్నట్టు ఆయనలోకి క్లోన్ చేస్తుంటే కరెంటు పోయింది. ల్యాప్‌టాప్ బ్యాటరీ ఏనాడో చచ్చింది. యూపీఎస్ కూతలు పెడుతుండగా, చెరువు నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్ల జనరేటర్ నుంచి వైరు లాగాం. రొయ్యలకి ఊపిరీ, తమరి వారసుడికి ప్రాణప్రతిష్ఠా ఒకే డీజిల్ మీద.

అలాగని ఆయన్ని నెత్తిన పెట్టుకోవడం లేదండి. చౌక రకంలో డీర్యామ్ అనే చురుకైన మెమరీ చిప్పు ఉండదు, ఏ ముక్క ఎక్కడ పెట్టాడో రాసుకునే పుస్తకం కూడా ఆ నాండ్‌లోనే. ఒక్కో గదిలో నాలుగేసి బిట్లు కుక్కే క్యూఎల్‌సీ అయితే ఇంకా తమాషా. పెళ్ళి వీడియోలు కాపీ పెడితే మొదట్లో గుర్రం, వేగంగా రాసుకునే జాగా నిండాక నత్త. కొన్నయితే తమరికన్నా కిందికి పడిపోతాయి. 240 జీబీ చౌక రకాల్లో కొన్నిటికి కంపెనీ ఇచ్చే హామీ, మొత్తం మీద 80 టెరాబైట్లు, అంటే 80 వేల జీబీ, రాసేదాకా. రోజుకు 20 జీబీ రాసినా పదేళ్ళు దాటుతుంది. మా మేత లెక్కలు అందులో పదో వంతు రాయవు గనక ఆ బెంగ లేదు. ఇంకో మాట, ఎస్‌ఎస్‌డీ వేసినంత మాత్రాన ప్రాసెసర్‌కి వయసు తగ్గదు. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. 11 ఏమో ఈ పాత ప్రాసెసర్‌ని గుమ్మం దాటనివ్వదు.

తమరిలో మెచ్చుకోవలసిన గుణం ఒకటుంది. పోయే ముందు చాలాసార్లు టక్ టక్‌మని కబురు పెడతారు. ఈ కొత్తాయన రాత్రి బాగానే ఉండి, పొద్దున్నే, విండోస్ కంటే ముందు లేచే బయోస్‌లో పేరు కూడా కనపడకుండా పోగలడు. పైగా ట్రిమ్ అనే అలవాటొకటి, చెరిపేసిన ఫైలుని వెనక్కి తెచ్చుకోనివ్వడు.

కాబట్టి తమర్ని పాత ఇనప సామాన్ల వాడికి వేయడం లేదు. యూఎస్‌బీ కేసు ఒకటి కొన్నాం, ఇకమీదట తమరిది బ్యాకప్ ఉద్యోగం. తమర్ని ఒక్కర్నే నమ్మేంత అమాయకులం కాదు లెండి, ఇంకో కాపీ గూగుల్ డ్రైవ్‌లో పెడుతున్నాం. శనివారం కొట్టు మూశాక డ్యూటీ. తెల్లారేదాకా కాపీ చేసుకోండి, ఎవరూ గడియారం చూడరు.

ఇట్లు,
తమరి పాత యజమాని