పాయింట్లా, ఎలక్ట్రానిక్కా? ఒక అంబాసిడర్ పంచాయితీ

విజయవాడలో మా వీధి చివర ఒక మార్క్ 4 అంబాసిడర్ ఉంది. 1489 సీసీ పెట్రోల్ ఇంజను. పోయిన కార్తీకంలో శ్రీశైలం వెళ్తూ దోర్నాల దాటాక అడవిలో ఆగిపోయింది. ఇక ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్లు (కరెంటు తెంపి స్పార్కు పుట్టించే చిన్న స్విచ్చు) పీకేసి, ఆ పని చేసే ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టిద్దామని మేనల్లుడు, ఒప్పుకోనని మామయ్య. మొన్న ఆదివారం బానెట్ ఎత్తి మరీ వాదించుకున్నారు. టీ గ్లాసు పట్టుకుని నేనూ పక్కన నిలబడ్డాను.

మేనల్లుడు: ఆ రోజు పడ్డ టెన్షన్ అప్పుడే మర్చిపోయావా మామయ్యా?

మామయ్య: టెన్షన్ నీకు. నేను డిస్ట్రిబ్యూటర్ క్యాప్ తీసి, పాయింట్లు ఎమరీ కాగితంతో రుద్ది, డాష్‌బోర్డులో ఉన్న శుభలేఖ చింపి ఆ ముక్క మందంతో వాటి మధ్య గ్యాప్ పెట్టాను. ఇరవై నిమిషాల్లో బండి కదిలింది. పాయింట్ల బదులు నీ ఎలక్ట్రానిక్ మాడ్యూలే ఉండి అది పోయుంటే, కోతులకి పల్లీలు పెడుతూ అక్కడే కూర్చునేవాళ్లం.

మేనల్లుడు: శుభలేఖతో గ్యాపా! ఉండాల్సింది 15 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు), అంటే 0.4 మిల్లీమీటరుకు కాస్త తక్కువ. ఎవరి శుభలేఖ ఎంత మందమో ఎవరికి తెలుసు?

మామయ్య: బాగా ఉన్నోళ్లదైతే గ్యాప్ ఎక్కువైపోద్ది. మన ఇంటి పెళ్లిది సరిగ్గా సరిపోయింది.

మేనల్లుడు: నవ్వడం కాదు, లెక్క విను. 3000 ఆర్‌పీఎం దగ్గర ఈ నాలుగు సిలిండర్లకు సెకనుకు 100 స్పార్కులు కావాలి. ఆ చిన్న పాయింట్లు సెకనుకు 100 సార్లు తెరుచుకుంటూ మూసుకుంటూ, దగ్గర దగ్గర నాలుగు ఆంపియర్ల కరెంటు తెంపాలి. మొహాలు కాలి గుంటలు పడకుండా ఎలా ఉంటాయి? పైగా పాయింట్లను తెరిచే కామ్‌కు రాసుకునే ఫైబర్ ముక్క అరిగేకొద్దీ గ్యాప్ తగ్గుతుంది, టైమింగ్ వెనక్కి పోతుంది, అంటే స్పార్కు ఆలస్యమవుతుంది. పికప్ లేదని నువ్వేమో కార్బురేటర్‌ని తిడతావు.

మామయ్య: అందుకేగా కామ్ మీద గ్రీజు చుక్క పెట్టేది. పాయింట్లు పోయేముందు చెప్పి పోతాయిరా. మొదట పొద్దున్నే స్టార్టింగ్ ట్రబుల్, తర్వాత మిస్సింగ్. మాడ్యూల్ చెప్పాపెట్టకుండా పోతుంది. ఇంజను ఆపి ఇగ్నిషన్ కీ ఆన్‌లో వదిలేస్తే కొన్ని రకాలు ఊరికే కాలిపోతాయట. నీకేమో కారులో కూర్చుంటే పాటలు కావాలి.

మేనల్లుడు: ఫోన్‌లో వింటాలే.

మామయ్య: మరి స్పార్కుకి వోల్టేజి పెంచే కాయిల్ సంగతి చూశావా?

మేనల్లుడు: మల్టీమీటర్ పెట్టి చూశాను. ప్రైమరీ చుట్ట 3 ఓమ్‌లు, సరిపోతుంది. అదే కరెంటు తగ్గించే బాలస్ట్ రెసిస్టర్‌తో నడిచే 1.5 ఓమ్‌ల కాయిలై, దానికి 12 వోల్టులు నేరుగా ఇస్తే కరెంటు రెట్టింపై మాడ్యూల్ మాడిపోయేది. మనది నెగెటివ్ ఎర్తే (బ్యాటరీ మైనస్ బాడీకి), ఆ బాధా లేదు. ప్లగ్ వైర్లు మాత్రం మార్చాలి. ఇప్పుడున్నవి ఉత్త రాగి తీగలు, రెసిస్టెన్స్ ఉన్నవి వేయకపోతే ఆ వైర్ల డిస్టర్బెన్స్‌కి మాడ్యూల్ తడబడుతుంది.

(నిజం చెప్పాలంటే అప్పటిదాకా నేను మామయ్య పక్షం. కుర్రాడు ఇంత చూసి వచ్చాడని అనుకోలేదు.)

మామయ్య: పోనీ, పాయింట్లు ఉంచేసి, కరెంటు తెంపే పని ట్రాన్సిస్టర్‌కి అప్పగించే బాక్సు పెడదాం. పాయింట్లు సైగ చేస్తాయంతే, కాలవు. బాక్సు పోతే రెండు వైర్లు మార్చుకుని పాత పద్ధతిలో ఇంటికొచ్చేయొచ్చు.

మేనల్లుడు: కాలవు సరే. ఫైబర్ అరగడం ఆగుతుందా?

మామయ్య దానికి జవాబివ్వలేదు. క్యాప్ క్లిప్పులు తీసి పక్కన పెట్టాడు. రోటర్ లాగేసి, షాఫ్ట్‌ను రెండు వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ ఊపాడు. టక్కు టక్కుమంది.

మామయ్య: ఇలా రా, నువ్వు పట్టుకో. తెలుస్తోందా? షాఫ్ట్ తిరిగే బుష్ అరిగింది. షాఫ్ట్ ఇలా ఊగితే గ్యాప్ ఒక్కో సిలిండర్‌కు ఒక్కోలా వస్తుంది. నీ మాడ్యూల్ దీన్ని కొంత ఓర్చుకుంటుందేమో. ఇప్పుడు రోటర్ పెట్టి తిప్పి వదులు.

తిప్పాడు. స్ప్రింగుల బిగికి చటుక్కున వెనక్కి రావాల్సిన రోటర్ సగంలోనే ఆగిపోయింది.

మామయ్య: లోపల అడ్వాన్స్ వెయిట్లు తుప్పుపట్టాయి. స్పీడు పెరిగినా టైమింగ్ ముందుకు జరగదు. దీన్ని నీ కిట్టు బాగుచేస్తుందా?

మేనల్లుడు: చేయదు. నెదర్లాండ్స్‌లో 123 అని మొత్తం డిస్ట్రిబ్యూటరే తయారుచేస్తారు, వెయిట్లూ స్ప్రింగులూ ఉండవు, అడ్వాన్స్ అంతా ఎలక్ట్రానిక్‌గానే. దాని ధరైతే...

మామయ్య: చెప్పకు.

చివరికి డిస్ట్రిబ్యూటర్ ఊడదీసి గుడ్డలో చుట్టారు. ముందు ఆటోనగర్‌లో లేత్ మీద కొత్త బుష్, వెయిట్లకు క్లీనింగ్. ఆ తర్వాతే కిట్టు. పాయింట్లు బిగించిన పాత ప్లేటు, కండెన్సర్, స్క్రూడ్రైవర్ ఒక డబ్బాలో డిక్కీలో ఉండాలని మామయ్య షరతు. మేనల్లుడు ఒప్పుకున్నాడు.

మేనల్లుడు: గ్యాప్ కొలిచే ఫీలర్ గేజ్ కూడా ఒకటి కొంటాను మామయ్యా.

మామయ్య: కొనుక్కో. ఆ శుభలేఖ మాత్రం డాష్‌బోర్డులోంచి తీయకు.