నిలబడ్డ కార్లకు జోహార్లు

విజయవాడ పటమటలో మా వీధిన నిలబడిన కారుకున్న మర్యాద నడిచే మనిషికి లేదని కొందరు వాపోతున్నారు. ఈ ఫిర్యాదులో పస లేదని సవినయంగా మనవి చేస్తున్నాను. కారు ఆగడానికి 2.5 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల పొడవు, అంటే ఒక పడకగదంత చోటు కావాలి. అరచేతి వెడల్పు గట్టు మీద కూడా ఒంటికాలిపై సర్దుకోగల మనిషికి అంత చోటెందుకు?

అపార్టుమెంటు ప్లానులో కింది అంతస్తంతా పార్కింగే. తీరా గృహప్రవేశాలయ్యేసరికి ఒక మూల మెడికల్ షాపు, మరో మూల టిఫిన్ సెంటరు, మెట్ల కింద వాచ్‌మన్ సంసారం వెలుస్తాయి. పాపం, ఇల్లు కోల్పోయిన కార్లు వీధిన పడి, ఎండకు కందిపోకుండా కవరు కప్పుకుని పడుకుంటాయి. (వాచ్‌మన్ పిల్లలకు అంత మంచి దుప్పటి లేదు.)

మొన్న పక్క స్థలంలో మరో అయిదంతస్తులు లేస్తున్నాయని తెలిసి మా సంఘం అత్యవసరంగా సమావేశమైంది. జనం పెరిగిపోతే ఊరు ఇరుకైపోతుందన్నది చర్చాంశం. రెండు వీధుల అవతలి నుంచి కార్లలో వచ్చిన సభ్యులకు వాటిని ఆపే చోటు దొరక్క సభ నలభై నిమిషాలు ఆలస్యమైంది. ఇరుకుకు కారణం జనమేనని ఏకగ్రీవంగా తీర్మానించాము.

కాలిబాట మీద అడ్డంకి లేని నడక దారి కనీసం 1.8 మీటర్లుండాలని, రోడ్ల ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెబుతుంది. మా వీధిలో అది లేదనడం అన్యాయం. ఉంది, కాకపోతే వాయిదాల మీద ఉంది. మురుగుకాలువ పలక మీద కొంత, ట్రాన్స్‌ఫార్మర్ వెనుక కొంత, మిగిలినది రెండు కార్ల బంపర్ల మధ్య. రోడ్డుపై వాహనాలకన్నా మనుషులకు పెద్దపీట వేయాలని 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం అన్నప్పుడు మా కార్ల మనోభావాలను ఎవరూ అడగలేదు.

కారు ఆపే చోటు లేకుంటే వ్యాపారం చచ్చిపోతుందన్నది మా సిద్ధాంతం. దానికి ఒక్క బీసెంట్ రోడ్డే కంటగింపు. పండగ ముందు సాయంత్రం అక్కడ కారు కాదు, సైకిలు కూడా దూరదు. అయినా ఏలూరు రోడ్డు నుంచి బందరు రోడ్డు దాకా జనం నడుస్తూ, బేరమాడుతూ, సంచులు నింపుకుంటూనే ఉంటారు. కనుక ఆ వీధిని లెక్కలోకి తీసుకోరాదు.

పాదచారుల మేలు కోరి నాదొక సలహా. వీధిలో చోటు కావలసినవారు కారు కవరు కప్పుకుని కదలకుండా నిలబడితే, ఎవరూ హారన్ కొట్టరు, ఆక్రమణ అనరు. ఈ మాట చెబితే, పాలప్యాకెట్టు కోసం రోడ్డు దాటడానికి పావుగంటగా నిలబడ్డ ఎదురింటి మామ్మగారు శ్రద్ధగా విని, "ఆ కవరు అద్దెకిస్తారా నాయనా?" అని అడిగారు.