క్యాపిటల్ లెటర్ గారికి వైజాగ్ నుంచి

అయ్యా క్యాపిటల్ లెటర్ గారూ,

నమస్కారం. ఈ ఉత్తరంలో మీరెక్కడా కనబడరు, ఏమీ అనుకోకండి. తెలుగులో రాజుగారి పేరు రాసినా, రొయ్యల పేరు రాసినా అక్షరం ఎత్తు ఒకటే.

మా పాప ఆరో తరగతి. మొన్న స్లిప్ టెస్టులో ‘మేం కాంప్లెక్స్ దగ్గర దిగాం’ అని ఇంగ్లీషులో రాస్తూ కాంప్లెక్స్‌కి, అంటే మా ఊరి ఆర్టీసీ బస్టాండుకి, మిమ్మల్ని తగిలించింది. టీచర్ మీ చుట్టూ ఎర్ర సున్నా చుట్టి, పక్కన ‘కామన్ నౌన్’ అని రాసి అర మార్కు కోసేశారు. పుస్తకం ప్రకారం టీచరే రైటు. నది అంటే ఏ నదైనా కావచ్చు, అది కామన్ నౌన్. గోదావరి అంటే అదొక్కటే, అది ప్రాపర్ నౌన్. మీరు ఉండాల్సింది దానికే. కాదన్లేదు. కానీ మద్దిలపాలెంలో ఆటో ఆపి ‘కాంప్లెక్స్’ అనండి. ‘ఏ కాంప్లెక్సేటండి?’ అని అడిగేవాడు ఒక్కడుంటే చూపించండి. బోర్డు మీదున్న ద్వారకా బస్ స్టేషన్ అన్న పేరు చెబితేనే మన మొహంకేసి ఓసారి చూస్తాడు.

సబ్‌మెరైన్ సంగతీ అంతే. తూర్పు నౌకాదళం ఉన్న ఊరు, సబ్‌మెరైన్లకేం కొదవ? అయినా ‘సాయంత్రం సబ్‌మెరైన్ దగ్గర కలుద్దాం’ అంటే ఒకటే. 2001లో రిటైరై, 2002 నుంచి బీచ్ రోడ్డులో మ్యూజియంగా కూర్చున్న ఐఎన్ఎస్ కుర్సురా. దానికి సొంత పేరున్నా జనం నోట్లో జాతి పేరే. జిరాక్స్‌ది రివర్స్ కథ. అది ఓ కంపెనీ సొంత పేరు. మా వీధి చివర ఏ మెషీన్‌లోంచి వచ్చిన కాగితమైనా జిరాక్సే.

మీ న్యాయమూ అంతంతమాత్రమే. నీళ్లలో ఈదే డాల్ఫిన్‌కి మీరు అక్కర్లేదు, కదలని డాల్ఫిన్స్ నోస్ కొండకి రెండుసార్లు కావాలి. ఇంగ్లీషువాడి ‘నేను’ అసలు నౌనే కాదు, అయినా ఎక్కడున్నా మీరు హాజరు. ‘నువ్వు’కి మాత్రం వాక్యం మొదట్లోనే ఆ భాగ్యం. సోమవారానికి టోపీ పెడతారు, వేసవికి పెట్టరు. మే నెలలో ఓసారి మా ఊరొచ్చి చూడండి, టోపీ ఎవరికి కావాలో!

అర మార్కు తిరిగిమ్మని అడగట్లేదు. ఆదివారం పాపని తీసుకుని సబ్‌మెరైన్ దగ్గరికి వెళ్తున్నాం, తీరికుంటే రండి. ఏ సబ్‌మెరైన్ అని మాత్రం ఆటో అతన్ని అడక్కండి.

ఇట్లు,
అర మార్కు పాప తండ్రి