బెట్టను తట్టుకునే కంది చెలకల్లోనే తేలాలి

వానాకాలం కంది గింజ కట్టేది వానలు వెళ్లిపోయాకే. జూన్, జులైలలో విత్తిన పంట పూతకొచ్చేసరికి రుతుపవనాలు తిరుగుముఖం పడతాయి. అక్కడి నుంచి నేలలో మిగిలిన తేమే దిక్కు. నల్లరేగడిలో అది కొన్నాళ్లు నిలుస్తుంది. జనగామ, మహబూబాబాద్ వైపు ఎర్ర చెలకల్లో నిలవదు. పూత రాలుతుంది, పట్టిన కాయలోనూ తాలు మిగులుతుంది. బోరు ఉన్న రైతు వరికి మళ్లుతున్నాడు. లేని రైతు పత్తిలో కొన్ని సాళ్లకో సాలు కంది వేసి, దక్కినంత దక్కనీ అనుకుంటున్నాడు.

ఈ కష్టానికి శాస్త్రం దగ్గర జవాబు లేకపోలేదు. శనగలో ఆ దారి ఇప్పటికే పడింది. ఐసీసీ 4958 అనే శనగ రకానికి వేరు బలం ఎక్కువ. బెట్టను తట్టుకునే గుణాలున్న దాని జన్యుభాగాన్ని మార్కర్ల (ఆ భాగాన్ని గుర్తుపట్టే డీఎన్‌ఏ ఆనవాళ్ల) సాయంతో పూసా 372 అనే మరో శనగ రకంలోకి చేర్చారు. అలా వచ్చిన పూసా 10216 రకం 2019లో విడుదలైంది. పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో మట్టి నింపిన పొడవాటి గొట్టాల్లో మొక్కలు పెంచి, ఏ దశలో ఎంత నీరు తాగుతున్నాయో తూకం వేసి చూశారు. వేరు లోతొక్కటే చాలదని అక్కడ తేలింది. మొదట్లో నీటిని పొదుపుగా వాడుకుని, గింజ కట్టే దశకు కొంత మిగుల్చుకునే మొక్కకే బెట్టలో దిగుబడి నిలుస్తోంది.

మన ప్రాంతానికి ఇది చాలా ముఖ్యమైన మాట. కొద్ది లోతులోనే గట్టిపొర తగిలే చెలకలో ఎంత పొడవు వేరైనా ఎక్కడికి పోతుంది? ఇక్కడ కావలసింది నీటి పొదుపు, త్వరగా కోతకు రావడం. తేలిక నేలల కోసం పాలెం వ్యవసాయ పరిశోధన కేంద్రం ఇచ్చిన ఉజ్వల కంది ఈ దిశలో మంచి అడుగు. అయితే వానలు బాగా పడిన ఏడాది స్వల్పకాలిక రకంతో దిగుబడి తగ్గుతుందేమోనన్న రైతు టెన్షన్‌ను కొట్టిపారేయలేం. వరంగల్ పరిశోధన కేంద్రం ఇచ్చే కొత్త రకాలు బెట్టతో పాటు ఎండు తెగులునూ తట్టుకోవాలి. వాటి సత్తా కేంద్రం మడుల్లోనే కాకుండా నీటి వసతి లేని రైతుల చెలకల్లో, వరసగా కొన్నేళ్లు పరీక్షకు నిలవాలి.

రకం విడుదలైతే పని అయిపోదు. కందిలో తేనెటీగల వల్ల పరపరాగ సంపర్కం జరుగుతుంది, అంటే ఒక మొక్క పుప్పొడి మరో మొక్క పువ్వుకు చేరుతుంది. పక్క చేలో వేరే రకం ఉంటే ఇంట్లో దాచుకున్న విత్తనం రెండు మూడేళ్లలోనే కలగాపులగం అవుతుంది. అందుకే ఊరంతా ఒకే రకం వేసే విత్తన గ్రామాలు అవసరం. పప్పుధాన్యాల స్వయంసమృద్ధి మిషన్‌కు కేంద్ర ప్రభుత్వం 2025 అక్టోబరులో రూ.11,440 కోట్లు ఆమోదించింది. అందులో కందికీ చోటుంది. ఆ నిధుల్లో మన వాటాను తెచ్చుకుని, విత్తన గ్రామాలను ఎర్ర చెలకలున్న మండలాల్లోనే ఎంపిక చేయాలి. వచ్చే వానాకాలం విత్తుకు ముందే రాష్ట్ర ప్రభుత్వం, వ్యవసాయ విశ్వవిద్యాలయం కలిసి ఆ ఊళ్ల జాబితా ప్రకటించాలని కోరుతున్నాం.