పిల్లల పళ్ళెంలో కాదు, పిల్లల బొమ్మ ఉన్న ప్యాకెట్లో కోత పెడదాం

"ఒక పాల ప్యాకెట్ మానెయ్యమ్మాయ్, నెలకి తొమ్మిదొందలు మిగుల్తాయి."

పోయిన నెల మా వదిన అన్న మాట ఇది. చెడుగా ఏమీ అనలేదు. ఖర్చులు కలవట్లేదని నేనే చెప్పుకుంటే తనకి తోచిన ఉపాయం చెప్పింది. అయినా రెండు రోజులు ఆ మాట నాకు మింగుడు పడలేదు. మా ఇంట్లో ఇద్దరు పిల్లలు. పెద్దదానికి ఏడేళ్ళు, చిన్నాడికి మూడున్నర. రోజుకి లీటరున్నర పాలు. పిల్లల గ్లాసులు, నలుగురికీ పెరుగు, మా కాఫీలు అన్నీ అందులోనే. ఖర్చు తగ్గించాలనగానే అందరి కళ్ళూ ముందు ఆ పాల మీదే ఎందుకు పడతాయి? తర్వాత గుడ్లు. తర్వాత పండ్లు. "రోజూ గుడ్డెందుకు, రోజు విడిచి రోజు పెడితే చాలదా" అనే మాట ఎన్ని ఇళ్ళల్లో విన్నానో.

కుదరదు. పెరిగే పిల్లల తిండిలో కోత పెట్టడం పొదుపు కాదు. అసలు డబ్బు పోతున్నది అక్కడ కానే కాదు. ఇది నేను ఊరికే ఆవేశంతో అనట్లేదు, కూర్చుని లెక్క కట్టాకే అంటున్నాను.

ఆ ఆదివారం రాత్రి పిల్లలు పడుకున్నాక ఫోన్‌లో సరుకులు తెప్పించుకునే రెండు యాప్‌ల్లో పాత ఆర్డర్లన్నీ తెరిచాను. పెద్దదాని రఫ్ నోటు పుస్తకం వెనక పేజీల్లో ఒక్కొక్కటే రాసుకుంటూ పోయాను. నాలుగు వారాల్లో ముప్పై ఏడు ఆర్డర్లు. కిరాణా కొట్టు బిల్లులు, కూరగాయలు వేరే. ఒక ఆర్డరు రాత్రి తొమ్మిదిన్నరకి కొత్తిమీర కోసం పెట్టింది. కొత్తిమీర పద్దెనిమిది రూపాయలు. మొత్తం బిల్లు మూడొందల అరవై. ఇంత మొత్తం దాటితే డెలివరీ చార్జీ ఉండదని స్క్రీన్ మీద కనపడగానే చిప్సు, చాక్లెట్ పాలు, చీజ్ స్లైసులు వేసి బుట్ట నింపాను. ఇరవై ఐదు రూపాయల చార్జీ తప్పించుకోవడానికి మూడొందల పైన పెట్టాను. అలాంటివి ఆ పేజీల్లో ఇంకా ఎన్నో ఉన్నాయి.

రాత్రి పన్నెండున్నరకి తేలిన లెక్క ఇది. వారానికి సగటున నాలుగు వేల ఆరొందలు. అందులో పాలు ఆరొందలు, కూరగాయలు పండ్లు కలిపి తొమ్మిదొందలు, బియ్యం పప్పులు నూనెలు సబ్బులు వగైరా నెల సరుకుని వారానికి పంచితే వెయ్యి, గుడ్లు నూటయాభై. ఇవన్నీ కలిపినా రెండు వేల ఆరొందల యాభైయే. మిగతా వెయ్యిన్ని తొమ్మిదొందల యాభై? ప్యాకెట్లు. పాలలో కలిపే పొడి, బిస్కెట్లు, నూడుల్స్, చాక్లెట్ రంగు సీరియల్, పండ్ల వాసన కలిపిన పెరుగు కప్పులు, జ్యూస్ డబ్బాలు, వాటిని తెచ్చిన చార్జీలు. దాదాపు ప్రతి దాని మీదా ఒక బొమ్మ. ఎలుగుబంటో, పులో, కార్టూన్ పాపో. అన్నీ పిల్లల పేరు చెప్పి అమ్మినవి, పిల్లల పేరు చెప్పుకుని నేను కొన్నవి.

ఇది మా ఒక్క ఇంటి సంగతి అనుకున్నాను. కాదట. 2023-24లో కేంద్రం చేసిన గృహ వినియోగ ఖర్చుల సర్వేలో, పట్టణాల్లో ఇంటి ఖర్చులో పానీయాలు, ప్రాసెస్డ్ తిండి, బయట కొని తినేవి కలిపి 11 శాతం దాకా ఉన్నాయి. పాలు, పాల పదార్థాలు 7 శాతమే. తిండి ఖర్చులన్నిట్లోకీ పెద్ద వాటా ప్యాకెట్లదీ, బయటి తిండిదీ అన్నమాట. మనం మాత్రం పాల ప్యాకెట్ దగ్గర కూర్చుని తగువు పడుతున్నాం.

అన్నిటికంటే నాకు ఎక్కువ మండింది ఆ పాల పొడి దగ్గర. ఇద్దరికీ రెండు పూటలా గ్లాసుకి రెండు చెంచాలు. ఇంట్లో కాటాలో తూస్తే ఇరవై గ్రాములొచ్చింది. రోజుకి ఎనభై గ్రాములు. అరకిలో డబ్బా ఆరు రోజులకి ఖాళీ. డబ్బా వెనక చిన్న అక్షరాలు టార్చ్ వేసి చదివితే నూరు గ్రాములకి ముప్పై గ్రాముల పైనే చక్కెర ఉంది. అంటే నేను ఏళ్ళ తరబడి పిల్లలకి చక్కెర పెడుతూ, "బలం" పెడుతున్నానని మురిసిపోయాను. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఇలాంటి పొడుల్ని ఆన్‌లైన్‌లో "హెల్త్ డ్రింక్స్" వరసలో పెట్టొద్దని అమ్మే కంపెనీలకి చెప్పింది. మన 2006 ఆహార భద్రత, ప్రమాణాల చట్టంలో అసలు హెల్త్ డ్రింక్ అనే మాటకి నిర్వచనమే లేదని బాలల హక్కుల కమిషన్ తేల్చాకే ఇది జరిగింది. అప్పుడు టీవీలో చూశాను, "అయ్యో" అనుకున్నాను, మర్నాడు పొద్దున్నే మళ్ళీ రెండు చెంచాలు కలిపాను. అలవాటు అంత గట్టిది.

మానడం కూడా ఒక్క రోజులో కాలేదు. మొదటి వారం రెండు చెంచాలు ఒకటిన్నర చేశాను, తర్వాత ఒకటి, తర్వాత అర. పెద్దది గమనించలేదు. చిన్నాడు మూడో రోజే గ్లాసు తోసేశాడు. నాలుగు రోజులు పాలే ముట్టలేదు. అత్తయ్య కంగారు పడ్డారు, నాకూ ఏడుపొచ్చింది. ఐదో రోజు రాగిజావలో పాలు పోసి, బెల్లం, చిటికెడు యాలకుల పొడి వేసి ఇస్తే సగం తాగాడు. ఇప్పుడు పొద్దున జావ, రాత్రి ఉత్త పాలు. నూరు గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాముల పైన కాల్షియం ఉంటుంది. ఆ డబ్బా ధర పెడితే రాగిపిండి మూడు నాలుగు కిలోలొస్తుంది.

పెరుగు కప్పుల సంగతి ఒక్క మాటలో చెప్తాను. ఎనభై గ్రాముల కప్పు ఇరవై రూపాయలు. కిలో రెండొందల యాభై. ఇంట్లో తోడేసిన గట్టి పెరుగులో అరటిపండు ముక్కలు, కొంచెం బెల్లం తురుము వేస్తే పిల్లలు అదే గిన్నె నాకుతున్నారు.

ఇంకో సంగతి చెప్పాలి, ఇది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. మా వీధి చివర పొద్దున్నే ఒక పెద్దామె తోటకూర, పాలకూర, గోంగూర పరచుకుని కూర్చుంటుంది. నేను ఆమె దగ్గర "ఇరవైకి మూడు కట్టలేనా, నాలుగియ్యి" అని బేరమాడేదాన్ని. అదే చేత్తో ఫోన్‌లో హ్యాండ్లింగ్ చార్జీ, ప్లాట్‌ఫామ్ చార్జీ, వాన పడితే వాన చార్జీ, ఒక్క మాట అనకుండా కట్టేదాన్ని. ఆ నాలుగు వారాల్లో చార్జీలే ఆరొందలు దాటాయి. ఆ పెద్దామె దగ్గర ఏడాది పొడుగునా బేరమాడినా అంత మిగలదు. ఇప్పుడు ఆమె దగ్గర బేరం మానేశాను. యాప్‌లు రెండూ ఫోన్‌లోంచి తీసేశాను. ఏదైనా అయిపోతే వారం చీటీలో రాస్తాను. కొత్తిమీర లేకపోతే ఆ పూట కొత్తిమీర లేని చారే.

చీటీ అంటే గుర్తొచ్చింది. మా అమ్మ నెలకోసారి వెచ్చాల చీటీ రాసి కొట్టుకి పంపేది. కందిపప్పు ఎంత, మినప్పప్పు ఎంత, చింతపండు ఎంత అని. రాయడానికి ముందు ప్రతి డబ్బా మూత తీసి చూసేది. అసలు పొదుపంతా ఆ మూత తీసి చూడటంలోనే ఉంది. నేను చూడకుండా కొన్న పెసరపప్పు ఇంట్లో మూడు ప్యాకెట్లు దొరికాయి, అందులో ఒకటి పురుగు పట్టింది. ఇప్పుడు శనివారం సాయంత్రం డబ్బాలు చూసి చీటీ రాస్తున్నాం. ఆదివారం పొద్దున్నే రైతుబజార్. 1999లో మొదలైన ఈ బజార్లు మాకు నడిచి వెళ్ళేంత దూరంలో ఉండటం నిజంగా అదృష్టం. బోర్డు మీద ధర రాసి ఉంటుంది, బేరం బాధ లేదు. తెల్లారే వెళ్తే ఆకుకూరలు, బెండకాయలు లేతవి దొరుకుతాయి. పండ్లు మాత్రం నాకు వారం సంతలోనే చవగ్గా వస్తున్నాయి.

పెద్దదాన్ని కొట్టుకి వెంట తీసుకెళ్తున్నాను. ప్యాకెట్ మీద ఎమ్మార్పీ పక్కన గ్రాముకి ఎంతో కూడా ముద్రించాలన్న నిబంధన వచ్చి కొన్నేళ్ళయింది. చాలామంది అది చూడరు. మొదటి రోజు దానికి అది చూపించాను. చిప్స్ ప్యాకెట్ తిప్పి చూసి, "అమ్మా, గ్రాముకి యాభై పైసలంట" అంది. "అయితే కిలో ఎంత?" అన్నాను. కాసేపు వేళ్ళ మీద లెక్క వేసుకుని "ఐదొందలా!" అంది. పక్కనే తట్టలో బంగాళదుంపలు కిలో ముప్పై. ఆ రోజు నేను వద్దనలేదు, తనే ప్యాకెట్ మళ్ళీ అక్కడే పెట్టేసింది. ఇంటికొచ్చి దుంపలు సన్నగా తరిగి వేయించాను. నూనె ప్యాకెట్లు కూడా అలాగే చూడండి. లీటరంటే దాదాపు 910 గ్రాములు. దాని పక్కనే అదే సైజులో కనపడే 850, 800 గ్రాములవి ఉంటాయి, ధర తక్కువనిపిస్తుంది. గ్రాముల లెక్కన చూస్తే చాలాసార్లు అదే ఎక్కువ.

2025 సెప్టెంబర్ 22 నుంచి బిస్కెట్లు, చాక్లెట్ల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి దిగింది. మంచిదే. కానీ "తగ్గాయిగా" అని రెండు ప్యాకెట్లు ఎక్కువ కొంటే తగ్గినదంతా మళ్ళీ కంపెనీకే కట్టినట్టు.

ఇప్పుడు మా వారం బిల్లు మూడు వేలు. గుడ్ల ఖర్చు నూటయాభై నుంచి రెండొందల యాభైకి పెంచాను. ఒక్కో గుడ్డులో ఆరు గ్రాముల మాంసకృత్తులు, ఏడు రూపాయలకి ఇంకేం వస్తుంది చెప్పండి! ఇద్దరికీ రోజూ గుడ్డు. ప్యాకెట్లు రెండొందల యాభైకి దిగాయి. పూర్తిగా మానలేదు, మానాలని లేదు కూడా. పుట్టినరోజుకో, ప్రయాణానికో కావాలి. చిరుతిళ్ళకి అటుకులు, మరమరాలు, వేయించిన పల్లీలు, పల్లీ పట్టీ, రెండు వారాలకోసారి సున్నుండలు. మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో ఇచ్చిన 17 ఆహార సూత్రాల్లోనూ లేబుల్ చదవమనీ, ఉప్పు చక్కెర కొవ్వు దట్టించిన ప్రాసెస్డ్ తిండి తగ్గించమనీ ఉంది.

ఇంకొకటి. మా పక్కింటి అమ్మాయి, పాపకి ఏడాదిన్నర, అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం తెచ్చుకోవడానికి మొహమాట పడుతోంది. "ఎవరైనా చూస్తే ఏమనుకుంటారక్కా" అంది. వేయించిన గోధుమలు, శనగపప్పు, పాలపొడి, నూనె, చక్కెరతో చేసిన పిండి అది. మూడేళ్ళ లోపు పిల్లల కోసం ప్రభుత్వం మన పన్నులతోనే ఇస్తోంది. సిగ్గెందుకు? నేనే వెంట వెళ్ళి పేరు రాయించాను.

ఇవన్నీ చదివి "మంచి ఇల్లాలు ఇలా ఉండాలి" అని ఎవరూ షేర్ చేయకండి, బతిమాలుతున్నాను. జావ కాయడానికి, తోడెయ్యడానికి, సున్నుండల పిండి ఆడించడానికి టైం కావాలి. ఆ టైం ఒక్క ఆడదాని నిద్రలోంచి వస్తే అది పొదుపు కాదు, ఆ ఖర్చు ఆమె ఒంటి మీద పడుతుంది. ప్యాకెట్ ఇళ్ళల్లోకి వచ్చిందే అమ్మకి టైం లేక. నేను ఆయనతో ఇది గొడవపడే తేల్చుకున్నాను. ఇప్పుడు రైతుబజార్ సంచి ఆయనది, ఆకుకూరలు ఒలిచేది ఆయన, పల్లీలు వేయించేది ఆయన. మొదటి రెండు సార్లు మాడ్చారు. మూడోసారి బాగా వచ్చాయి.

పిల్లల బడికి కూడా ఒక ఉత్తరం రాశాను. వాళ్ళిచ్చిన చిరుతిళ్ళ పట్టికలో వారంలో రెండు రోజులు బిస్కెట్లు, ఒక రోజు నూడుల్స్ రాసి ఉంది. ఇంకా జవాబు రాలేదు. మరో ఇద్దరు తల్లులు, ఒక తండ్రి సంతకం పెడతామన్నారు, సోమవారం మళ్ళీ వెళ్తున్నాం.

నాలుగు వారాలకి ఆరు వేల నాలుగొందలు తగ్గింది. వదిన చెప్పినట్టు చేస్తే తొమ్మిదొందలు తగ్గేది. పొద్దున్నే మా గుమ్మానికి వేలాడే సంచిలో ఇప్పటికీ మూడు అరలీటరు ప్యాకెట్లు పడుతున్నాయి. పిల్లలు పెద్దవాళ్ళయ్యేదాకా అవి మూడే.